పెట్టె ఒకరిది, పూలు ఊరందరివి
(మరిపెడ మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది సంఘం మీటింగుల్లో చాలామంది అడుగుతున్న మాట ఒకటి ఉంది. "తేనెటీగల పెట్టెలకు లోన్ ఇస్తరా?" అని. అడగడంలో తప్పు లేదు. కేంద్ర ప్రభుత్వం 2020లో తేనెటీగల పెంపకానికి 500 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ ప్రకటించింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో ఈ పని నేర్పుతరు కూడా. అయితే అప్పు తీసుకునే ముందు మనం మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. ఈ రోజు అదే చెప్తున్నం.

తేనెటీగ అనగానే మనకు తేనె యాదికొస్తది. కానీ దాని పెద్ద పని పూతను కాయ చేయడం. పెరట్లో గుమ్మడి తీగను చూడండి. మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ఆడ పువ్వు కింద చిన్న పిందె ఉంటది. మగ పువ్వు పుప్పొడి దానికి అందకపోతే ఆ పిందె పసుపుబారి రాలిపోతది. ఆ పుప్పొడి జిగటగా ఉంటది, గాలికి పోదు. ఈగలే మోయాలె. దోస, కాకర, పుచ్చ కూడా అంతే. పొద్దుతిరుగుడు, నువ్వులు, మునగ, మామిడి పూతకు ఈగలు, పురుగులు వాలితేనే కాత బాగుంటది.

మనుషులు తినే పంటల్లో నాలుగింట మూడు రకాలు ఎంతో కొంత ఇట్లాంటి జీవాల మీద ఆధారపడి ఉన్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెప్తున్నది. వరికి, మక్కకు, గోధుమకు వీటితో పని లేదు. అంటే ఈగలు పోయినా అన్నం ఉంటది. తగ్గేవి కూరగాయలు, పండ్లు, నూనె గింజలు. రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్లకు, ఎదిగే పిల్లలకు కావాల్సినవి అవే. అందుకే స్లొవేనియా అనే చిన్న దేశం పట్టుబడితే, 2017లో ఐక్యరాజ్యసమితి మే 20ని ప్రపంచ తేనెటీగల దినంగా ప్రకటించింది.

చైనాలో సిచువాన్ రాష్ట్రంలో హన్యువాన్ అనే చోట పియర్ పండ్ల తోటలు ఉన్నయి. అక్కడ పురుగుమందులు ఎక్కువై, ఈగలు కరువై, రైతులు చెట్లెక్కి ఈకల కుంచెలతో ఒక్కొక్క పువ్వుకు పుప్పొడి అద్దినరు. ఈగ ఊరికే చేసే పనికి అక్కడ కూలి ఇవ్వాల్సి వచ్చింది.

మరి మన దగ్గర సంగతేంది? 2021లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు ఎట్లా పడ్డదో మహబూబాబాద్ జిల్లాలో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఆ పురుగు పువ్వు లోపల దాక్కుంటది. అందుకని మందు పువ్వు మీదనే కొట్టినం. తేనెటీగ వాలేది కూడా ఆ పువ్వు మీదనే. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క లోపలికి పోయి పుప్పొడిలోకి, మకరందంలోకి చేరతయి. తేనెటీగలకు చేటు అని ఐరోపా కూటమి 2018లో దానితో కలిపి మూడు మందులను బయటి పొలాల్లో వాడకుండా ఆపింది. ఈగల సంగతి అట్లుంచండి. బిందెలతో నీళ్లు మోసేది, మందు కలిపిచ్చేది, తర్వాత అదే చేలో మిర్చి ఏరేది మనమే. ఈగకు విషమైంది మన చేతులకు మంచిదెట్లయితది?

ఇక పెట్టెల విషయం. తేనెటీగ మేతకు రెండు కిలోమీటర్ల దాకా పోతది. దానికి గెట్టు తెలియదు, సర్వే నంబరు తెలియదు. మనం మన చేలో మందు మానేసినా, పక్క చేలో మిట్టమధ్యాహ్నం తైవాన్ పంపు నడిస్తే పెట్టె ఖాళీ అయితది, అప్పు మిగులుతది. అందుకే ఇది ఒక్క ఇంటి యూనిట్ కాదు, ఊరు కలిసి చేసే పని. కలిసి చేయడం మనకు కొత్త కాదు. పది మందిమి ఒకరికొకరం పూచీగా నిలబడే కదా ఇన్నేళ్లు బ్యాంకు లోన్లు కట్టినం.

కాబట్టి పెట్టెల కంటే ముందు మూడు పనులు చేద్దాం.

ఒకటి, మందు వేళ. పూత మీద ఉన్న పైరుకు పగలు మందు కొట్టొద్దు. కొట్టక తప్పకపోతే ఈగలు గూటికి చేరినంక, సాయంత్రం కొట్టాలె. ముందుగా వేపనూనె, నీలం జిగురు అట్టలు వాడి చూడాలె. మందు కొట్టే రోజు చుట్టుపక్కల వాళ్లకు ముందే చెప్పాలె.

రెండు, పూలు. పెట్టెకు ఏడాది పొడుగునా మేత కావాలె. గెట్ల మీద మునగ, కానుగ, వేప ఉండనిద్దాం. పత్తి, మిర్చి మధ్య రెండు సాళ్లు నువ్వులో, పొద్దుతిరుగుడో వేద్దాం. ఎండాకాలం నీడన నీళ్ల పళ్లెం పెట్టి, అందులో ఈగలు వాలేందుకు గులకరాళ్లు వేద్దాం.

మూడు, చెట్ల మీది పెద్ద తేనెపట్లు. రాత్రి మంట పెట్టి మొత్తం పట్టు కోస్తే పిల్లలతో సహా ఈగల గుంపే పోతది. తేనె పట్టు పైభాగంలో ఉంటది, పిల్లలు కింద ఉంటయి. తేనె ఉన్నంత వరకే కోసి, పిల్లలున్న భాగం వదిలేయమని తేనె తీసే మన అన్నదమ్ములకు మనమే చెప్పాలె.

ఈ మూడూ కుదిరిన ఊళ్లో ముందుగా ఇద్దరు ముగ్గురు సభ్యులు శిక్షణ తీసుకొని, తక్కువ పెట్టెలతో మొదలు పెట్టొచ్చు. పూలు లేని నెలల్లో చక్కెర పాకం పెట్టాలె. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచాలె. మైనపు పురుగు పట్టకుండా చూసుకోవాలె. ఒక ఏడాది లెక్క రాసి, ఖర్చెంత, రాబడెంత చూసుకొని, అప్పుడు మిగతావాళ్లు లోన్ అడుగుదాం.

ప్రపంచం సమస్య మనకెందుకు అనుకోవద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో ఆకేరు పొంగి మన మండలంలోని సీతారాం తండా మునిగింది. కాలం మారుతున్నదని చెప్పడానికి మనకు టీవీ అక్కర్లేదు. వానను మనం ఆపలేం. మందు కొట్టే వేళను మార్చగలం. వచ్చే నెల మీటింగులో ఈ మూడు మాటలను ప్రతి గ్రామైక్య సంఘం తీర్మానం పుస్తకంలో రాయించి, సంతకాలు పెట్టించమని కోరుతున్నం.