ధ్వనిని అదుపు చేయుట: కారు తలుపు నుండి కార్ఖానా గోడ వరకు

(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



తమ తమ వృత్తులలో నేర్చిన ఒక విషయాన్ని విద్యార్థులకు బోధపడేటట్లు తెలుగులో వివరించవలసిందిగా నిర్వాహకులు పూర్వ విద్యార్థులను కోరారు. వాహనాలలో శబ్ద నియంత్రణ నా వృత్తి. కారు తలుపులో అమర్చిన స్పీకరు చక్కగా పలకాలంటే ఆ తలుపుకు ఏమి చేయాలన్నది నేటి నా విషయం. ఇది కలిగినవారి వేడుకకు సంబంధించిన ప్రశ్నగా తోచవచ్చు. కాని దీనికి సమాధానం తెలిస్తే, భవాని పేట్‌లో సాంచెల చప్పుడు మధ్య ఒక పిల్లవాడు ప్రశాంతంగా చదువుకోవడానికి ఏమి చేయాలో కూడ తెలుస్తుంది. రెండింటికీ మూలసూత్రాలు ఒకటే.

ముందుగా స్పీకరు సంగతి. స్పీకరులోని శంకువు ముందుకు కదిలినపుడు ఎదుటనున్న గాలి ఒత్తుకుంటుంది. అదే క్షణంలో వెనుకనున్న గాలి పలుచబడుతుంది. అనగా ముందు పుట్టే తరంగమూ వెనుక పుట్టే తరంగమూ పరస్పర విరుద్ధాలు. ఆ రెండూ కలిస్తే ఒకదానినొకటి హరించుకుంటాయి. 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇంజనీర్లు నేటి స్పీకరుకు మూలరూపాన్ని ప్రకటించినపుడే, ఈ రెండు తరంగాల మధ్య అడ్డుపలక అవసరమని గుర్తించారు.

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 100 కంపనాలు గల మంద్రస్వరం యొక్క తరంగదైర్ఘ్యం దాదాపు మూడున్నర మీటర్లు. కారు తలుపు పొడవు మీటరుకు కాస్త అటూ ఇటూ. అంత పొడవైన తరంగానికి తలుపులోని ఒక రంధ్రం గుండా వెనుక నుండి ముందుకు చుట్టి రావడం ఏమంత కష్టం? అందువల్లనే మృదంగపు ఎడమవైపు నాదం కారులో తేలిపోయినట్లుంటుంది; తాళాల ధ్వని మాత్రం గణగణ వినబడుతుంది. అప్పుడు చాలామంది ఇంకా పెద్ద స్పీకరు, ఇంకా బలమైన యాంప్లిఫయరు కొంటారు. లోపం తలుపులో ఉండగా ఖర్చు మరొకచోట పెట్టడమవుతుంది.

తలుపు నిర్మాణం చూడండి. బయట ఒక మిల్లీమీటరు కంటె పలుచని ఉక్కు రేకు. లోపల మరొక రేకు. అద్దాన్ని ఎత్తి దించే యంత్రాన్ని బాగుచేయడానికి అందులో పెద్ద పెద్ద రంధ్రాలు. చాల కార్లలో వాటిపై ఒక పలుచని ప్లాస్టిక్ కాగితం మాత్రమే అంటించి ఉంటుంది. దానిమీద అలంకారపు అట్ట. ఇటువంటి తలుపులో శబ్దానికి మూడు దోషాలు కలుగుతాయి. మూడింటికీ మూడు వేర్వేరు మందులు.

మొదటి దోషం రేకు వణకడం. తలుపుపై వేలి కణుపుతో కొట్టి చూస్తే ఖంగుమని మ్రోగుతుంది. స్పీకరు కొట్టుకునేటపుడు రేకు కూడ తన స్వరం తాను పలుకుతుంది. దీనికి మందు, వెనుక అల్యూమినియం రేకు గల బ్యూటైల్ రబ్బరు పట్టీ. రేకు వంగినపుడు జిగురు రబ్బరు సాగి, ఆ కదలికను స్వల్పమైన వేడిగా మార్చివేస్తుంది. మ్రోగే డప్పుపై అరచేయి ఆనించినట్లన్న మాట. తలుపంతా కప్పనవసరం లేదు. విశాలమైన భాగాల నడుమ పట్టీలను గట్టిగా రోలరుతో అదిమి అంటిస్తే చాలావరకు మోత అణగుతుంది. తారు పట్టీలు చౌక. కాని 40 డిగ్రీలు దాటే షోలాపూర్ ఎండలలో అవి మెత్తబడి జారవచ్చు, వాసన కూడ వేయవచ్చు.

రెండవ దోషం రంధ్రాలు. ప్లాస్టిక్ కాగితం మంద్రస్వరాన్ని ఆపలేదు. పెద్ద రంధ్రాలపై అల్యూమినియం పలక వంటి గట్టి మూతను బిగించి, అంచులు మూసి, స్పీకరు చుట్టూ రబ్బరు లేదా నురగ వలయం వేయాలి. అయితే ఒక జాగ్రత్త. అద్దం వెంబడి వాననీరు తలుపు లోపలికి దిగుతుంది. అడుగున గల సన్నని రంధ్రాల గుండా బయటికి పోతుంది. వాటిని ఎన్నడూ మూయరాదు. మూస్తే తలుపు తుప్పుపడుతుంది. మూత బిగించే ముందు అద్దాన్ని పూర్తిగా దించి, గడియ ఊచలను కదిలించి, దేనికీ అడ్డు తగలలేదని చూసుకోవాలి.

మూడవ దోషం లోపలి ప్రతిధ్వని. దీనికి గాలి చొరబడే మెత్తని పదార్థం కావాలి. ఇక్కడ మన కులవృత్తికి సంబంధించిన ఒక ముచ్చట ఉన్నది. బట్టల ముక్కలను, నూలు వ్యర్థాలను యంత్రాలతో చీల్చి, తిరిగి పరుపువలె ఒత్తి చేసిన ఫెల్టును కార్ల తయారీలో తివాచీల క్రింద, లోపలి పలకల వెనుక విరివిగా వాడుతారు. పోగుల మధ్య గాలి రాపిడికి ధ్వని శక్తి హరిస్తుంది. కాని నీరు దిగే తలుపు గర్భంలో నూలు ఫెల్టు పెట్టరాదు. నీరు పీల్చని నురగనే అక్కడ వాడాలి.

ఇక మన పేటకు వద్దాము. తెలంగాణా పల్లెల నుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన మన పూర్వుల శ్రమ వల్ల షోలాపూర్ చద్దరు, టవలు దేశమంతటా పేరొందాయి. ఆ పేరు వెనుక ఒక మూల్యం కూడ ఉన్నది. షటిల్ మగ్గంలో పిడి నిమిషానికి నూటికి పైగా మార్లు షటిల్‌ను కొడుతుంది. ప్రతిమారు అది అవతలి పెట్టెలో తగిలి ఆగుతుంది. అటువంటి మగ్గాలు వరుసగా నడిచే కార్ఖానాలో ధ్వని 90 డెసిబెళ్ళు దాటడం సాధారణం. మన దేశంలో కర్మాగారాలకు విధించిన హద్దు 8 గంటల పనికి 90. ఆరోగ్య నిపుణులు 85 చాలునంటారు. ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకు సురక్షిత కాలం సగమవుతుందని వారి లెక్క. నివాస ప్రాంతాలకు 2000 నాటి నియమాలు విధించిన హద్దు పగలు 55, రాత్రి 45.

చెవి లోపలి సున్నితమైన రోమకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. ఏళ్ళ తరబడి సాంచెలు నడిపిన తండ్రికి ముందుగా పోయేది సన్నని శబ్దాలు; అందులో పిల్లల గొంతు, మాటలలోని స, శ, త వంటి అక్షరాలు ఉంటాయి. బిడ్డ పాఠం అప్పగిస్తే తండ్రికి మాట వినబడుతుంది, పదం తెలియదు.

కారు తలుపుకు చెప్పిన మూడు మందులే ఇక్కడ కూడ పనిచేస్తాయి. నేల ద్వారా ఇంటికి ప్రాకే కంపనానికి, మగ్గపు బరువుకు తగిన రబ్బరు దిమ్మలు పాదాల క్రింద వేయాలి. ఇంటికీ కార్ఖానాకూ మధ్య గోడలో సందులు మూయాలి. గోడ వైశాల్యంలో నూరవ వంతు తెరచి ఉన్నా, ఆ గోడ ఎంత మందమైనదైనా 20 డెసిబెళ్ళకు మించి తగ్గించలేదు. తలుపు క్రింది సందును రబ్బరు పట్టీతో మూయడం, గోడ మందం పెంచడం కంటె మేలైన ఖర్చు. మందపు తెరలు, పాత చద్దర్లు గోడలకు వ్రేలాడదీస్తే లోపలి ప్రతిధ్వని తగ్గుతుంది. అవి ప్రక్క గదికి పోయే శబ్దాన్ని మాత్రం పెద్దగా ఆపవు. ఈ భేదం తెలియక డబ్బు వృథా చేసేవారు ఎందరో.

తలుపులో నీటి రంధ్రాల వలెనే కార్ఖానాకు గాలి రంధ్రాలు ప్రాణం. వాటిని మూయరాదు. గాలి మార్గాన్ని వంపు తిప్పి, లోపల ఫెల్టు పరిస్తే గాలి వస్తుంది, చప్పుడు తగ్గుతుంది. వీటన్నిటి కంటె ముందు, మగ్గం వద్ద నిలిచే ప్రతివారికీ చెవి బిరడాలు కావాలి. వాటి ధర స్వల్పం. చెవికి ధర లేదు.

పూర్వ విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. మనలో పలువురు నేడు కార్లు కొన్నవారే. స్పీకరు కోసం తలుపును ఇంత శ్రద్ధగా మూసే మనము, అదే శ్రద్ధను మన తల్లిదండ్రులు పనిచేసిన గదులపైన, మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చదువుకొనే గదులపైన కూడ చూపుదాము. విద్యార్థులారా, భౌతికశాస్త్రంలో తరంగాల పాఠం పరీక్షకు మాత్రమే కాదు. మీ ఇంటి గోడకు చెవి ఆనించి చూడండి, ఆ పాఠం అక్కడ వినబడుతుంది.