ఆపత్కాలమున వార్తాశ్రవణము



తపతీనది సముద్రమున గలియుచోట హజీరా యున్నది. 1994 సెప్టెంబరులో, దానికి చేరువనున్న సూరతు నగరమున ప్లేగు పొడసూపినపుడు వ్యాధికంటె వదంతియే వేగముగ వ్యాపించినది. కొలది దినములలోనే లక్షలాది జనులు ఊరు విడిచిరి. మృతుల సంఖ్య వందకు లోపే.

వరంగల్లు, కరీంనగరముల నుండి వలసవచ్చిన నేతపనివారికి నెలవైన నగరమది. సొంత ఊరు దూరమైనకొలది చెవి వార్తకై తహతహలాడును; విన్నకొలది గుండె బరువెక్కును.

2020లో, కరోనా కాలమున, ప్రపంచ ఆరోగ్య సంస్థ దినమునకు ఒకటి రెండు మారులు మాత్రమే, నమ్మదగిన చోటినుండి వార్తలు తెలిసికొనవలెనని సలహా నిచ్చినది. వార్తలను బొత్తిగా మానరాదు. ఏ ఆసుపత్రి తెరచియున్నదో తెలియవలెను గదా! అందుకు పది నిమిషములు చాలును. తక్కిన వేళ టెలివిజను కట్టివేసి పిల్లలతో ముచ్చటించు గృహస్థు మరునాటి పనికి సత్తువ నిలుపుకొనును.