చూచుటయు, చూపుటయు



వైద్యపట్టములు గైకొను ఇట్టి సభలయందు ఉపన్యాసకులు లోకకల్యాణమును గూర్చి ముచ్చటించుట వాడుక. నేనో పసిపిల్లల చెవిని చూచు ఒక చిన్న పరికరమును గూర్చి మాటలాడ దలచితిని, మన్నింపుడు.

1855 ప్రాంతమున జర్మనీదేశపు వైద్యుడు ఫాన్ ట్రెల్చ్, నడుమ రంధ్రముగల పుటాకార దర్పణముతో చెవిలోనికి వెలుగును ప్రసరింపజేయు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినది మొదలు నిన్నమొన్నటి వరకు, కర్ణభేరి యనునది వైద్యుని కంటికి మాత్రమే గోచరించు వస్తువై యుండెను. బిడ్డ తల్లి యొడిలో గింజుకొనుచు కెవ్వున ఏడ్చుచుండగా, వైద్యుడు క్షణకాలము తొంగిచూచి, “చీము పట్టినదమ్మా” యనినచో, ఆ తల్లి నమ్మవలసినదే గాని వేరు దారి లేదు. నమ్మిక కుదరని తల్లి ఇంటికి పోయి వెచ్చని కొబ్బరినూనె పోసినయెడల ఆమె యజ్ఞానమును నిందించుట మనకు సులభమాయెను.

కొనయందు కెమెరాగల వీడియో ఒటోస్కోపు వచ్చిన పిమ్మట, సెంటీమీటరు వెడల్పునకు మించని ఆ పలుచని పొర తెరనిండ కానవచ్చుచున్నది. ఆరోగ్యముగ నున్నపుడు దాని బూడిదవన్నె నిగనిగయు, వెనుకనుండి కనబడు కూటకమను చిన్న ఎముక పిడియు, క్రిందివైపున త్రికోణాకృతిగల కాంతిరేఖయు, తీవ్రమైన చీము పట్టినపుడు ఆ గురుతులన్నియు మాసి పొర వెలుపలికి ఉబ్బుటయు, అక్షరము రాని తల్లి సైతము ఒక్క చూపున గ్రహింపగలదు. అయితే తెరను తనవైపునకే త్రిప్పుకొని కూర్చుండు వైద్యుని చేతిలో ఈ పరికరము పాత దర్పణమే! తెరను తల్లికిని బిడ్డకును కనబడునట్లు నిలుపుడు. మొదట పరికరమును బిడ్డ గోటిమీద పెట్టి ఆ గోరును తెరపై చూపుడు, ఆపై తల్లి చెవిని చూపుడు. అప్పుడు తన చెవిలో నేమున్నదో చూడ వలయునను కుతూహలము ఆ బిడ్డకే కలుగును. శిశువైనచో చెవిడొప్పను వెనుకకును క్రిందికిని మెల్లగ లాగుడు; పరికరము పట్టిన చేతిని వాని చెంపకు ఆనించుడు, తల విదిలించినను పరికరము దానితోడనే కదలును.

చిత్రమును చూచి మురిసి మోసపోకుడు. గులిమి అడ్డమున్నచో చిత్రమే లేదు. ఏడ్చెడి బిడ్డ కర్ణభేరి ఏడుపుచేతనే ఎఱ్ఱబారును గనుక ఎఱుపొక్కటే వ్యాధికి సాక్ష్యము గాదు. పొర వెనుక ద్రవమున్నదో లేదో తెలియుటకు గాలి నూది దాని చలనమును పరీక్షింపవలయును. కదలని ఛాయాచిత్రము ఆ సంగతిని చెప్పజాలదు. రెండేండ్లు దాటిన బిడ్డకు బాధ స్వల్పమై, ఒక చెవికే పరిమితమైనపుడు నొప్పికి మందిచ్చి, 48 నుండి 72 గంటలు కనిపెట్టి, అప్పటికిని తగ్గనిచో యాంటీబయాటిక్ మొదలిడుట శాస్త్రసమ్మతము. ఈ మాటను వట్టి నోటితో చెప్పిన వైద్యుని తల్లులు మందు వ్రాయుట చేతగానివానిగ తలంతురు. చెవిని చూపి చెప్పినచో ఆ గడువునకు మరల చూపించుటకు తామే వత్తురు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పరీక్షింపవలసిన బాల్యవ్యాధులలో మధ్యచెవివాపును చేర్చినారు. మీలో కొందరు ఆ బృందములతో పాఠశాలలకు పోవుదురు. అచ్చట చెవిపోటు గాని జ్వరము గాని లేక, పొర వెనుక ద్రవము నిలిచి, సగము మాటలే వినబడుచు, వెనుకబల్లమీద మందమతి యను పేరుతో కూర్చున్న పిల్లవాడొకడు మీకు తటస్థపడును. తలిదండ్రుల యనుమతితో వాని చెవి చిత్రమును ఉపాధ్యాయునకు చూపి, వానిని ముందుబల్లకు మార్పింపుడు. చిత్రమును మీ సెల్‌ఫోనులో గాక వాని వైద్యపత్రములతో భద్రపఱచుడు. మూడు నెలలకు మరల చూచునపుడు రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి పోల్చి, గాలి నూది పరీక్షించి, ద్రవము ఇంకను నిలిచియున్నచో వినికిడి పరీక్షకును, చెవివైద్యుని యొద్దకును పంపుడు.