ఇంటికి ఆటపెట్టె అవసరమా?



అరకులోయలో మా పొరుగు రైతు ఒకరు మొన్న నాయొద్దకు వచ్చిరి. కాఫీపంట సొమ్ము చేతికి వచ్చినదట. యాత్రికులకు అద్దెకిచ్చుటకై కట్టిన గదులముందు వసారాలో, పిల్లలు నిలుచుండి ఆడుకొను వీడియో ఆటల పెట్టె నొకదానిని ఉంచవలెనని ఆయన కోరిక. “మాస్టారూ, చవుకగా వచ్చుచున్నవట, కొనమందురా?” అని అడిగిరి. ముప్పది యేండ్లు తెలుగు పాఠములు చెప్పుకొన్నవాడను, యంత్రములతో నాకేమి పని యనుకొందురు. కాని ఈ విషయమున నాకు కొంత అనుభవము కలదు.

ఈ పెట్టెలు మొదట బజారుకొఱకు పుట్టినవి. జపానులో టైటో సంస్థవారు 1978లో ‘స్పేస్ ఇన్వేడర్స్’ అను ఆటను, నామ్కోవారు 1980లో ‘పాక్‌మాన్’ అను ఆటను వెలువరించిరి. నాణెము వేసిన ఆట సాగును. పదిమంది చేతులు పడు వస్తువు గావున గట్టిగా చేసెడివారు. 2018లో అమెరికాలో ఆర్కేడ్‌వన్‌అప్ అను పేరుతో వీని కుదించిన రూపములు ఇండ్లకొఱకు వచ్చినవి. ఎత్తు సుమారు 4 అడుగులు, తెర 17 అంగుళములు. ముక్కలుగా వచ్చును, కొన్నవారే మరలు బిగించుకొనవలెను. పిమ్మట ఇతరులును అట్టివి చేసిరి.

టెక్సాసులో మా కుమారుని యింట అట్టిదానిని, వేఱొకరు చేసినదానిని, చూచితిని. మనుమడు మొదటి వారము అన్నము మఱచి ఆడెను. రెండవ వారము దానిపై ఉతికిన బట్టలు చేరినవి. ఇంతలో ఒక శనివారము పొరుగు బాలుడు రాగా, ఇద్దఱును కేకలు వేయుచు ఆడిరి, నన్నును పిలిచిరి. అరనిమిషములో నా మూడు ప్రాణములును పోయినవి! మనుమనికి తెలుగు అంతంతమాత్రము, వాని యింగ్లీషు నాకు అందదు. ఆ పెట్టెముందు మాత్రము మాకు దుబాసి అక్కఱలేకపోయెను.

అందుచేత వలదని ఒక్కమాటతో త్రోసివేయలేను. అయినను పొరుగువారికి ఆ చవుక పెట్టెను కొనవలదనియే చెప్పితిని. దాని ఒడలు చెక్కపొడిని జిగురుతో అదిమిన పలక. అంచునకు తడి తగిలెనా, నానిన మినపపప్పువలె ఉబ్బును, పిదప మర పట్టదు. సుమారు 3,000 అడుగుల యెత్తున, వానకును మంచునకును తెఱపియుండని మన వసారాలో అది ఎన్నాళ్లు నిలుచును? అమెరికానుండి తెప్పింతమన్న, అచ్చటి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. సరిచూడక తగిలించిన లోపలి సరంజామా మాడిపోవును. పిల్లల చేతులలో ముందుగా అరుగునవి పిడియు మీటలును. అవి మన శుక్రవారపు సంతలో దొరకవు.

మఱి యేమి చేయవలెను? ఆఱిన గట్టి చెక్కతో మన వడ్రంగియే పెట్టె చేయగలడు. పాత టీవీ తెర, అఱచేతిలో ఇముడు చిన్న కంప్యూటరు పలక, విడిగా అమ్ము పిడులు చాలును. అట్టి పలకలలో రాస్ప్‌బెర్రీ పై అనునది 2012లో ఇంగ్లండునుండి వచ్చినది. చెడిన భాగమునే మార్చుకొనవచ్చును. పిడులు మాత్రము రెండు ఉండితీరవలెనంటిని.

“పులిజూదమునకువలె ఎదుట మనిషి కావలెనన్నమాట,” అని ఆయన నవ్విరి.

పోయిన శుక్రవారము సంతనుండి వచ్చుచు ఇద్దఱమును వడ్రంగి యింట ఆగితిమి. పిడి యెంత యెత్తున ఉండవలెనో తెలియుటకు అతడు నన్ను గోడప్రక్క నిలువబెట్టి మోచేతి వఱకు కొలిచినాడు. పిల్లలకు పీట వేసిన సరిపోవునట. వేసవికి మనుమని తీసికొనివచ్చెదనని కుమారుడు చెప్పినాడు. అప్పటికి పెట్టె సిద్ధమగునో లేదో.