నాణెము కరగినను గ్రంథము నిలువవలెను

(పఠనమందిర వార్షికసభయందు మేము గావించిన యుపన్యాసపాఠము)



ప్రాచీన నాణెములను గూర్చిన పాతపుస్తకములను సేకరించుట యను విషయమును నేటి యుపన్యాసమునకు మేము గైకొంటిమి. ఈ మాట వినగానే, ఇది కలవారి వినోదము గదా, పఠనమందిరమునకు వచ్చి పత్రిక చదువుకొనిపోవు సామాన్యునకు దీనితో నేమి పని యని కొందరు తలపవచ్చును. మా యభిప్రాయ మట్టిది కాదు. ఈ పుస్తకములు మన దేశచరిత్రకు సాక్ష్యపత్రములు. వానిని కాపాడుట యొక వ్యక్తి యొక్క సరదా కాదు; ఊరి బాధ్యత. ఈ యొక్క మాటను మీ మనస్సులకు పట్టించుటయే మా యుద్దేశము.

ప్రథమమున నాణెమునకు చరిత్రయందు గల స్థానమెట్టిదో చూతము. శాతవాహనుల చరిత్రమును వారి కాలముననే వ్రాసిపెట్టిన గ్రంథ మేదియు మనకు దక్కలేదు. పురాణములందలి రాజుల పట్టికలు, నానాఘాటు నాసికాది స్థలములందలి శాసనములు, నాణెములు - ఈ మూడే మనకు ముఖ్యాధారములు. పురాణమున ఒక్కొక్క ప్రతి ఒక్కొక్క లెక్క చెప్పును. శాసనమున పొగడ్త కలసియుండును. నాణెము మాటకారి కాదు. దానిపై నొక పేరు, ఒక బిరుదు, ఒక గుర్తు మాత్రమే యుండును. కాని యది సంతలో చెల్లిన వస్తువు. పదిమంది చేతులు మారిన వస్తువు.

ఒక నిదర్శనము చెప్పెదము. 1906వ సంవత్సరమున నాసికమునకు చేరువనున్న జోగల్తెంబి గ్రామమున నొక నిక్షేపము బయల్పడెను. అందు 13,000లకు మించిన వెండి నాణెము లుండెను. అన్నియు క్షహరాత వంశీయుడగు నహపానుని పేర ముద్రితములు. వానిలో 9,000లకు పైబడిన నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల నొత్తించియుండెను. ఈ రాజు క్షహరాతుల వంశమును రూపుమాపెనని యాతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక శాసనమున చెప్పియున్నది. తల్లి పొగడ్తను శంకించువాడు సైతము, ఓడిన రాజు మొగముపై గెలిచిన రాజు కొట్టించిన ముద్రను కాదనజాలడు.

ఆ నిధి నేడొకచోట లేదు. అది మ్యూజియములకును, పలువురు సేకర్తలకును చేరి చెదరిపోయినది. దానిని మొత్తముగా చూడగోరువారు స్కాటు దొర బొంబాయి రాయల్ ఏషియాటిక్ సొసైటీ శాఖవారి పత్రికయందు వ్రాసిన వివరణమును, 1908లో లండనున వెలువడిన రాప్సను పండితుని గ్రంథమును తెరువవలసినదే. నిధి చెదరినది, గ్రంథమున మాత్రము చెదరక నిలిచినది.

నిధులన్నిటికి నిట్టి భాగ్యమైనను పట్టలేదు. మన తీరప్రాంతములందు దొరకిన శాతవాహన నాణెములలో సీసపువి మెండు. ఏనుగు, సింహము, చైత్యము, రెండు స్తంభముల ఓడ - ఇట్టి గుర్తులు వానిపై గలవు. కాని సీసము వంటయింటి కుంపటిపై కరగు లోహము. దానికి వెల లేదని తలచినవాడు పారవైచును. ఉన్నదని తలచినవాడు కరగించును. ఇక బంగారు వరహాల మాట చెప్పనక్కరయే లేదు. లంకెబిందె దొరకినవాని తొలిచూపు అక్కసాలె మూస మీదనే! 1878వ సంవత్సరపు నిక్షేపముల చట్టము, దొరకిన నిధినిగూర్చి కలెక్టరునకు తెలుపవలెనని విధించినది. విధించినను, భయముచే కొందరు, ఆశచే కొందరు రాత్రికి రాత్రి కరగించుటయు జరుగుచునేయున్నది.

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము గావున ఆ భాషలోనే యొక మాట చెప్పెదము. మూలపత్రము నశించెనని రుజువైనచో, నమ్మదగిన నకలును సాక్ష్యముగా గ్రహింపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పినది. దాని స్థానమున వచ్చిన 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమమును అట్లే చెప్పుచున్నది. కరగిపోయిన నాణెమునకు, దాని బరువును, కొలతను, అక్షరములను, చిత్తరువును, దొరకిన చోటును వ్రాసిపెట్టిన గ్రంథమే నకలు. ఆ నకలును గూడ చెదలకు వదలినచో మన వ్యాజ్యమునకు మిగులు సాక్ష్యమేమి?

ఈ గ్రంథములు పుట్టిన విధమును సంగ్రహముగా చెప్పెదము. జేమ్సు ప్రిన్సెపు కలకత్తా టంకశాలలో లోహపరీక్ష చేయు నుద్యోగి. ఒక ప్రక్క గ్రీకు లిపియు, వేరొక ప్రక్క ఖరోష్ఠియు గల నాణెములే యాతనికి ఖరోష్ఠీ లిపికి తాళపుచెవు లైనవి. 1837లో నతడు బ్రాహ్మీలిపిని చదివెను. 1840లో, నలువది యేండ్లకే మరణించెను. ఆతని వ్యాసములను ఎడ్వర్డు థామసు 1858లో రెండు సంపుటములుగా ప్రకటించెను.

సర్ వాల్టరు ఎలియటు మదరాసు ప్రభుత్వోద్యోగి. 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించినవాడితడే. ఆ శిల్పములు తుదకు లండను చేరిన కథ మీ రెరుగుదురు. వృద్ధాప్యమున చూపు కోల్పోయియు నితడు దక్షిణదేశపు నాణెములపై గ్రంథమును వ్రాసి ముగించి, 1887లో గతించెను. నాణెములను కంటితో చూడలేని స్థితిలో వానిని లోకమునకు చూపినవాని పట్టుదల మనకు శిరోధార్యము. మన శిల్పములు తరలిపోయినందుకు చింతించుట యొకటి. ఇట్టి శ్రమను మెచ్చుట వేరొకటి. రెండును మనకు తగియున్నవి.

మనవారి శ్రమయు తక్కువది కాదు. భగవాన్‌లాల్ ఇంద్రజీ జునాగఢ్ వాసి. 1882లో సోపారా స్తూపమును త్రవ్వి, అందు యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెమును కనుగొనెను. క్షత్రపుల నాణెములపై నాతడు వ్రాసిన వ్యాసమును, ఆతడు 1888లో గతించిన పిమ్మట రాప్సను సవరించి 1890లో ప్రకటించెను. 1908 నాటి రాప్సను గ్రంథమున క్షత్రపుల భాగమునకు ఈ దేశీయుని కృషియే పునాది. ఆ పేరు మన పాఠ్యపుస్తకములలో నెన్నింట గలదు?

ఇక పాతప్రతియే యేల యను ప్రశ్న వచ్చును. ఈ గ్రంథములలో ననేకము లిపుడు ఇంటర్నెట్టు ఆర్కైవు మొదలగు చోట్ల ఉచితముగా చదువనగుచున్నవి. కొన్ని మరల ముద్రితములైనవి. ఇది గొప్ప యుపకారము, కాదనము. కాని నాణెముల పుస్తకమునకు ప్రాణము చిత్రఫలకము. రాప్సను గ్రంథమున నొక దేశపటమును, 21 ఫలకములును గలవు. సీసపు నాణెముపై నరిగిన యక్షరము 'మ'యో 'వ'యో తేల్చుకొనుటకు తొలిముద్రణపు ఫలకమును భూతద్దముతో చూడవలెను. పునర్ముద్రణమున ముద్రించినదానినే మరల చిత్రము తీయుటచే గీతలు మాసిపోవును. స్కానింగు ప్రతులు పెక్కింట నలుపు తెలుపులు మాత్రమే మిగులుటచే ఫలకములు మసిబొట్లవలె కనబడుచున్నవి. మడచిన పటమును విప్పకయే ప్రతి తీసినవియు గలవు. వీనికి తోడు, వెనుకటి యజమానుడు తన ప్రతి యంచున పెన్సిలుతో వ్రాసికొన్న గురుతు - ఈ రకము ఫలానా గ్రామపు దిబ్బలో దొరకెనను మాట - లోకమున నా యొక్క ప్రతియందే యుండును.

అయినను పాతగ్రంథము వేదము కాదు. ఈ మాటను మేము గట్టిగా చెప్పవలసియున్నది. 1908 నాటికి శ్రీముఖుని నాణెములు గుర్తింపబడలేదు. 1970 దశకపు చివర గోదావరీతీరమున కోటిలింగాల కడ 'ఛిముక సాతవాహన' యను పేరుగల నాణెములును, అంతకు పూర్వపు గోబద, సామగోపాదుల నాణెములును వెలుగుచూచినవి. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని పరిశీలించి ప్రకటించిరి. రాప్సను గ్రంథమును మాత్రమే చదివినవానికి ఈ యధ్యాయమే తెలియదు.

మరియొకటి. రాప్సను తన గ్రంథమునకు ఆంధ్రవంశపు నాణెములని పేరిడెను. మన మా పేరును చూచి యుప్పొంగుట సహజము. కాని యీ రాజులు తమ నాణెములపైగాని శాసనములందుగాని తమ్ము ఆంధ్రులని చెప్పుకొనలేదు. ఆ మాట పురాణములది. దీనిని దాచుట దేశభక్తి కాదు. పరులు పరీక్షించినపుడు పగులు నభిమానము కంటె, మనమే పరీక్షించి నిలుపుకొన్న యభిమానము మేలు. అట్లు పరీక్షించుటకు పాతగ్రంథమును క్రొత్తగ్రంథమును ఒకే బల్లపై నుండవలెను. పఠనమందిరము పని యదియే.

అరుదైన పుస్తకమన లండను తోలుబైండే యని తలపరాదు. 1963లో పరమేశ్వరీలాల్ గుప్తగారు అమరావతి యందు దొరకిన ముద్రాంకిత వెండి నాణెముల నిధిపై వ్రాసిన గ్రంథమును, 1965లో ఆంధ్రప్రదేశ్‌న దొరకిన రోమను నాణెములపై వ్రాసిన గ్రంథమును నాటి మన ప్రభుత్వ మ్యూజియము ప్రకటించెను. ఐ. కె. శర్మగారి శాతవాహన నాణెముల గ్రంథము 1980 నాటిది. ఇవి మన కన్నులయెదుట వెలువడినవే. నేడు వెదకినను సులభముగా దొరకవు. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత మన బుద్ధిని పాడుచేసినది. లండను గ్రంథమును బీరువాలో పెట్టి తాళమువైతుము. ఇంటి గ్రంథమును పొట్లములకు చింపుదుము.

ఈ చింపుట యెట్లు జరుగునో మాకు కచేరీ యనుభవమువలన తెలియును. అన్నదమ్ములు పంచుకొనునపుడు విభాగపత్రమున ఇత్తడి గుండిగకును, పట్టెమంచమునకును పేరు పేరున లెక్క యుండును. తండ్రి నలువదియేండ్లు కూడబెట్టిన పుస్తకముల బీరువా మాత్రము చిల్లర సామానను మాటక్రింద పోవును. పిమ్మట నొకనాడు తూకమునకు పోవును. అదృష్టము బాగున్నచో హైదరాబాదు ఆబిడ్సున ఆదివారపు కాలిబాట యంగళ్లకు చేరును. మదరాసు మూరుమార్కెట్టు ఇట్టి పుస్తకముల కొకప్పుడు పుట్టినిల్లువంటిది. 1985లో నది యగ్నికి ఆహుతియైనది.

మరి మనము చేయవలసిన దేమి? గ్రంథాలయోద్యమమున పనిచేయుచున్న సేవకులముగా మేము కొన్ని మాటలు మనవి చేసెదము.

ప్రతి పఠనమందిరమును తన బీరువాలలో నేమున్నదో ముందుగా చూచుకొనవలెను. కొనబోవు ముందు ఉన్నదాని జాబితా కావలెను. పుస్తకమును పుట పుటగా త్రిప్పి, ఫలకములు, పటములు పూర్తిగా నున్నవో లేవో గురుతు వ్రాయవలెను. ఫలకములు లేని నాణెముల గ్రంథము కన్నులు లేని మొగము.

కొనునపుడు ఇతర గ్రంథాలయపు ముద్ర గల ప్రతిని, తొలగింపు ముద్ర లేనిచో, కొనరాదు. ఒక ఊరి గ్రంథాలయమును దోచి వేరొక ఊరి గ్రంథాలయమును నింపుట సేకరణము కాదు.

పాతపుస్తకమును క్రొత్తగా కట్టించునపుడు అంచులు కోయనీయరాదు. ఫలకపు సంఖ్యయు, పెన్సిలు గురుతులును కత్తిరింపులో పోవును. చిరిగిన పుటకు జిగురుకాగితపు టేపు అంటింపరాదు; అది కొన్నియేండ్లకు పసుపుబారి కాగితమును తినివేయును. బీరువాను గోడకు ఆనింపక, నేలకు తాకనీయక నిలిపి, వర్షాకాలము గడవగానే పుస్తకములకు గాలి తగులనీయవలెను.

ఇండ్లలో నిట్టి పుస్తకములు గలవారు తాము జీవించియుండగనే నిర్ణయము చేయవలెను. పుస్తకములు చరాస్తి. వానిని దానమిచ్చుటకు రిజిస్ట్రేషను అక్కరలేదు. స్వాధీనము చేసిన చాలును. అయినను జాబితా వ్రాసి, ఉభయులును సంతకములుచేసి, ఇద్దరు సాక్షుల నుంచుకొనుట మేలు. పుచ్చుకొనువారు వానిని అమ్మబోమనియు, అడిగినవారికి మందిరముననే చదువనిత్తుమనియు వ్రాసియిచ్చుట న్యాయము. పరహస్తమైన పుస్తకము పోయినదే యను నానుడికి భయపడి దాచుకొన్నవారు, తుదకు చెదల హస్తముననే పెట్టుచున్నారు.

ఇది మనచే నగునా యని సంశయింపకుడు. 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలగువారు బెజవాడయందు గ్రంథాలయ సంఘమును స్థాపించినపుడు వారియొద్ద ధనరాసులు లేవు. పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవపై నెక్కించి కాలువగట్ల గ్రామములకు చేర్చిరి. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వతనికేతనము చిన్న ఊరిలో నుండియే పాతపత్రికలను పరిశోధకులకు నిలిపియుంచినది. ధనముకంటె పూనిక ముఖ్యమని వీరు చూపిరి.

గౌతమీపుత్రుడు శత్రువు నాణెమును కరగింపలేదు. దానిపై తన ముద్ర నొత్తించి మరల చెల్లించెను. క్రింది ముద్రయు, పై ముద్రయు కలసియుండుటచేతనే మనకు చరిత్ర దక్కినది. పరులు వ్రాసిన పాతగ్రంథములను మనమును అట్లే చూడవలెను. వానిని పారవేయక, వానికి దాసులము గాక, చదివి, పరీక్షించి, మన కాలపు పరిశోధనముద్రను వానిపై నొత్తవలెను. అందులకు ముందు అవి మన యూర నుండవలెను. ఈ మందిరపు బీరువాల జాబితాను రాబోవు వార్షికసభకు సిద్ధముచేయుడని సభ్యులను వేడుకొనుచు మా ప్రసంగమును ముగించుచున్నారము.