ఎడమొహం పెడమొహం



మా అమ్మాయిని కాలేజీలో అయిదు నిమిషాల సినిమా తీసుకురమ్మన్నారు. కథేమిటే అంటే, అత్తాకోడళ్లు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ మాట్లాడుకోవడమట! నటులం మా అత్తగారూ, నేనూ. చెప్పొద్దూ, అప్పటికి వారం రోజులుగా మా మధ్య మాటల్లేవు.

ముందు ఆవిడ ముఖం, తర్వాత నాది ఫోనులో తీసింది. తీరా కలిపి చూస్తే, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లం ఇద్దరం ఒకే దిక్కుకు చూస్తున్నాం! ఇద్దరినీ కలుపుతూ ఒక గీత ఉందనుకుని, కెమెరా ఎప్పుడూ దానికి ఒక పక్కనే ఉండాలిట. 180 డిగ్రీల సూత్రమంటారు. మా పిల్లేమో వెలుతురు బాగుందని గీత దాటి కిటికీ వైపు వెళ్లింది.

బిక్కమొహం వేసింది పాపం. 1955లో వచ్చిన 'పథేర్ పాంచాలి'కి ఛాయాగ్రాహకుడైన సుబ్రతా మిత్రా అంతకుముందు సినిమా కెమెరా పట్టినవాడే కాదు, నువ్వెంత అన్నాను. (ఆ సినిమాకు డబ్బు చాలక సత్యజిత్ రాయ్ గారి భార్య నగలు తాకట్టుకు వెళ్లాయి. నన్నడిగితే సగం పేరు ఆవిడదే!)

కథ మొదట్లో ఉన్నది చివరికి కాస్తయినా మారాలని కూడా చెప్పారట. "మీ కథలో ఏమీ మారట్లేదమ్మా" అంది పిల్ల.

మళ్లీ కూర్చున్నాం. పెదవులు కదలాలంది.

"కాయలు ముదిరినట్టున్నాయే" అన్నారు అత్తగారు.

"లేతవి మీకు విడిగా తీశానండీ" అన్నాను.

సినిమాలో ఆ ముక్కే ఉంచింది.