సారాంశం రాశామని ఫైలు చింపుతామా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన వాణ్ణి. ఇంజనీరును కాను. మనవణ్ణి అడిగి తెలుసుకున్న నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

మన పిల్లల పెళ్ళి క్యాసెట్లు బీరువాల్లో మూలుగుతున్నాయి. టేపు ఏటేటా పాడవుతుంది. జపానులో ఫునాయ్ కంపెనీ సైతం 2016లో వి.సి.ఆర్.ల తయారీ మానేసింది. కనుక వాటిని కంప్యూటరులోకి ఎక్కించక తప్పదు.

ఆ వీడియోలో సెకనుకు 25 బొమ్మలు. ఉన్నదున్నట్టు దాస్తే గంటకు సుమారు 75 గిగాబైట్లు. మామూలు డి.వి.డి.లో పట్టేది 4.7 మాత్రమే. మరి ఎలా ఇముడుతోంది?

మనం రిజిస్టర్లలో పై వరుసలోదే మళ్ళీ వస్తే 'డిటో' పెట్టేవాళ్ళం. కంప్యూటరూ అంతే. కదలని పందిరికి డిటో పెట్టి, కదిలినవాటి మార్పు మాత్రమే రాసుకుంటుంది. ఆపైన బొమ్మను చిన్న గళ్ళుగా విడదీసి, కంటికి ఆనని వివరాలు వదిలేస్తుంది. ఇందుకు ఆధారమైన గణితాన్ని 1974లో ప్రకటించిన ముగ్గురూ మనవాళ్ళే: బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, మద్రాసు గిండీ కళాశాలలో చదివిన కె.ఆర్. రావు గార్లు.

అయితే వదిలేసిన వివరం తిరిగి రాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఇంకా కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపితే తగ్గదు.

ఇక రెండో సంగతి. మూడు గంటల పెళ్ళిని మూడు నిమిషాలకు దానంతటదే తగ్గించే పద్ధతులు వచ్చాయి. రంగులు ఒక్కసారిగా మారితే దృశ్యం మారిందని గుర్తిస్తుంది. ముఖాలు, నవ్వులు, పెద్ద చప్పుళ్ళు ఉన్నచోట ఎక్కువ మార్కులు వేసి ఏరుకుంటుంది. బాజాలు, తలంబ్రాలు నిలుస్తాయి. ఓ మూల కుర్చీలో మౌనంగా కూర్చున్న మామ్మగారు ఎగిరిపోతారు. ఆవిడ కదిలే బొమ్మ మనకు మిగిలింది అదొక్కటేనని యంత్రానికేం తెలుసు?

పై అధికారికి ఫైలు సారాంశం రాసి పెట్టేవాళ్ళం. అంతమాత్రాన అసలు ఫైలు చింపామా? రికార్డు గదిలో భద్రపరిచాం. ఇక్కడా అదే చేద్దాం. చూసుకోవడానికి మూడు నిమిషాలది ఉండనివ్వండి. పూర్తి వీడియో రెండు ప్రతులు రెండు ఇళ్ళలో దాచండి. క్యాసెట్టు పారేయకండి.

చివరిగా ఒక్క విన్నపం. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, వీడియోలో ఎవరెవరో పేర్లు రాయించండి. ఆ పని ఏ యంత్రమూ చేయలేదు, మనమే చేయాలి.